గుండీ వణుకుడు: ఒక ఎడిటర్ రిపేరు డైరీ

సోమవారం

పొద్దున పదిన్నరకు అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, నీ ఎడిటర్‌కు ఏమో అయింది. రంగు నంబరు కొట్టనిస్తలేదు. నేనొకటి కొడుతుంటే అదొకటి రాసుకుంటున్నది. జర వచ్చి చూడరాదు?"

అక్క అంటే సొంత అక్క కాదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు కొట్టే షాపులో డీటీపీ ఆపరేటర్. పదిహేనేండ్లుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్ల మీద నడిచిన చెయ్యి. రెండేండ్ల కింద వాళ్ల సేటు నన్ను పిలిచి "ఇప్పుడు పత్రికలన్నీ వాట్సాప్‌లనే పోతున్నయి, నొక్కితే తెరుచుకునే పేజీ కావాలె, మా పిల్లలే చేసుకునేటట్టు ఉండాలె" అన్నాడు. ఒక ఓపెన్ సోర్స్ పేజీ ఎడిటర్ లైబ్రరీ (ఎవరైనా వాడుకోగల రెడీమేడ్ కోడు) తీసుకుని, దాని స్టైల్ ప్యానెల్‌లో నా సొంత కంట్రోళ్లు నాలుగు రాసి పెట్టాను: వరుసల ఎడం, రంగు, నీడ, ఫాంటు. లైబ్రరీతో వచ్చేవి ఉన్నాయి కానీ అవి ఇంగ్లిష్ అక్షరం కోసం తయారైనవి. "రాష్ట్ర", "లక్ష్మి" లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు దిగుతుంది. వరుసల ఎడం 1.2 దగ్గర పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. అందుకే నా స్లైడర్ (గుండీని గుంజి అంకె మార్చే పట్టీ) 1.2 నుంచి 2.4 దాకా, 0.05 చొప్పున కదులుతుంది. అక్క దాన్ని ఇప్పటికీ "లీడింగు" అనే అంటుంది, పేజ్‌మేకర్ అలవాటు.

మాఘమాసం పెళ్లిళ్లు, దాని మీద చెర్వుగట్టు జాతర ఫ్లెక్సీలు. షాపులో కాలు పెట్టే సందు లేదు. ఇసొంటప్పుడే చెడిపోవాలి కదా.

మధ్యాహ్నం వెళ్లి ఆమె పక్కన స్టూలేసుకుని చూశాను. పెళ్లికొడుకు వాళ్లకు కావాల్సింది ముదురు కుంకుమ రంగు, నంబరు #930018. అక్క ఒక్కో కీ కొడుతోంది. 9. 3. 0. సున్నా పడీపడగానే పెట్టెలో ఉన్నది #993300 అయిపోయింది, కర్సర్ చివరికి పోయింది, పేజీలో శీర్షిక ఇటుక రంగుకు తిరిగింది. అక్క చెయ్యి ఆగలేదు, మిగిలిన 0, 1, 8 కొట్టేసింది. పెట్టెలో #993300018 మిగిలింది. అది ఏ రంగూ కాదు.

"చూసినవా? నాకంటే అదే తెలివిగలదని చెప్పుకుంటున్నది," అంది.

మూడంకెల రంగు నంబరు కూడా చెల్లుతుంది. ఒక్కో అంకెను రెండుసార్లు రాసినట్టు లెక్క. కాబట్టి 930 అంటే 993300. ఆ పొడిగించే పని చేసింది ఎవరో కాదు, నేను రాసిన కోడే. రెండేండ్లుగా ఏ గోలా లేకుండా చేస్తోంది. ఇప్పుడు మాత్రం ఆమె సగం కొట్టగానే వచ్చి పడుతోంది.

ఇంకొక సంగతి వచ్చేముందు చూపించింది. వరుసల ఎడం స్లైడర్ పట్టుకుని గుంజితే గుండీ వణుకుతోంది. ఎడమ కొసకు, వేలు కిందికి, మళ్లీ ఎడమ కొసకు. వదిలేసరికి 1.2 దగ్గర కూలబడుతోంది.

సోమవారం రాత్రి

కారణం ఇంటికొచ్చాక పది నిమిషాల్లో దొరికింది. శనివారం కొత్త లాప్‌టాప్ కొన్నాను. ప్రాజెక్టు దించుకుని, కావాల్సిన లైబ్రరీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టాను, బిల్డ్ చేసి షాపుకు పంపాను. లైబ్రరీల చిట్టా ఉండే ప్యాకేజీ ఫైల్లో ఈ లైబ్రరీ పేరు ఎదురుగా వెర్షన్ నంబరు లేదు. "లేటెస్ట్" అని ఉంది. రెండేండ్ల కింద తొందరలో నేనే రాసుకున్నా. ఏ వెర్షన్ దిగిందో రాసి ఉంచే లాక్ ఫైలును గిట్ (కోడు మార్పులు భద్రపరిచేది) పట్టించుకోకూడదని చెప్పిందీ నేనే. అంటే రెండేండ్ల మార్పులన్నీ ఒక్క దెబ్బకు దిగాయి.

ఈ లైబ్రరీ లాగా సున్నాతో మొదలయ్యే వెర్షన్లలో ఏదైనా ఎప్పుడైనా మారవచ్చన్నది వెర్షన్ నంబర్ల కట్టుబాటులోనే ఉంది. అందుకే వాటికి ముందు టోపీ గుర్తు (^) పెడితే ఎన్‌పీఎం చివరి అంకె వరకే పెరగనిస్తుంది, మధ్య అంకెను ముట్టుకోదు. ఆ టోపీ పెట్టి ఉన్నా సరిపోయేది.

పాత వెర్షన్‌కు వెనక్కి పోదామా అనుకున్నాను. ఒక రోజుకు అదే చేశాను కూడా, పత్రికలు ఆగకూడదు కదా. రాత్రికి రాత్రి పాత బిల్డ్ ఎక్కించి అక్కకు మెసేజ్ పెట్టాను. కానీ ఫోన్ తెర మీద బ్లాకులు జరిపే సౌకర్యం కొత్తదాంట్లో బాగుంది, సేటు అది చూసేశాడు. ఇక వెనక్కి ఉండలేం.

మంగళవారం

అసలు ఏం మారిందో కళ్లతో చూడాలి. మార్పుల జాబితాలో ఆ ముక్క ఒక్క వాక్యంలో ఉంది. రాసినవాళ్లను అనేదేం లేదు, చదవని వాణ్ని నేను.

సొంత కంట్రోల్ అంటే ఈ లైబ్రరీలో నాలుగు ఫంక్షన్లు. క్రియేట్ పెట్టెను కడుతుంది. ఎమిట్ చేతి మార్పును పేజీకి పంపుతుంది. అప్‌డేట్ పేజీలో ఉన్న విలువను తెచ్చి పెట్టెలో చూపిస్తుంది. డిస్ట్రాయ్ ఊడ్చేసి పోతుంది. నాలుగింటిలోనూ కన్సోల్‌లో (బ్రౌజర్‌లో ప్రోగ్రామర్లు చూసుకునే సందేశాల చోటు) ఒక్కో లైను అచ్చయ్యేటట్టు పెట్టి, పాత బిల్డునూ కొత్త బిల్డునూ పక్కపక్కన తెరిచాను.

పాతదాంట్లో స్లైడర్‌ను ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు గుంజితే: ఎమిట్, ఎమిట్, ఎమిట్... అప్‌డేట్ ఒక్కటీ లేదు. ఇంకో శీర్షిక మీద నొక్కితే: డిస్ట్రాయ్, క్రియేట్, అప్‌డేట్.

కొత్తదాంట్లో అదే గుంజుడు: ఎమిట్, అప్‌డేట్, ఎమిట్, అప్‌డేట్. ప్రతి కదలికకూ జంటగా. ఇంకో శీర్షిక మీద నొక్కితే డిస్ట్రాయ్ లేదు, క్రియేట్ లేదు. ఉన్న పెట్టెనే ఉంచి అప్‌డేట్ ఒక్కటే. అన్‌డూ కొడితే అప్‌డేట్. డెస్క్‌టాప్ నుంచి మొబైల్ చూపుకు మారితే అప్‌డేట్.

ఆలోచిస్తే కొత్తదే సబబు. పాతదాంట్లో అన్‌డూ కొడితే పేజీ వెనక్కి పోయేది, ప్యానెల్‌లో పాత అంకె అట్లనే ఉండేది. ఆ తేడాను ఎన్నోసార్లు చూసి వదిలేశాను. ఇప్పుడు లైబ్రరీ "పేజీలో విలువ మారింది, నీ పెట్టెలో చూపించుకో" అని ప్రతిసారీ చెబుతోంది. ఆ మారిన విలువ నా చేతి నుంచే పోయిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అన్నది దానికి పట్టదు.

నా కోడేమో అప్‌డేట్ అంటే "కొత్త వస్తువు ఎంచుకున్నారు" అన్న నమ్మకం మీద కట్టినది. ఎంచుకున్నప్పుడు పెట్టెలో ఎవరి వేలూ ఉండదు కాబట్టి ఏం రాసినా చెల్లింది.

వణుకుడు సంగతి కూడా తేలింది. వరుసల ఎడం అప్‌డేట్‌లో విలువను చదవడానికి పార్స్‌ఇంట్ వాడాను. ఏదో పిక్సెల్ స్లైడర్ ఉదాహరణ నుంచి ఎత్తుకొచ్చిన లైను. 1.75ను అది 1 అని చదువుతుంది. స్లైడర్ కనీసం 1.2 కాబట్టి బ్రౌజర్ ఆ 1ని 1.2కు సర్దుతుంది. వేలు 1.75 దగ్గర, గుండీ 1.2 దగ్గర. వేలు ఇంకొంచెం కదిలితే మళ్లీ వేలు కిందికి. వదిలినప్పుడు చేంజ్ ఈవెంట్ (విలువ మారిందన్న బ్రౌజర్ కబురు) వచ్చి అప్పటికి గుండీ ఉన్న చోటును, అంటే 1.2ను, పేజీకి రాసేస్తుంది.

సిగ్గుపడాల్సింది ఏమిటంటే, ఈ తప్పు పాతదాంట్లోనూ ఉంది. ఎంచుకున్న ప్రతిసారీ గుండీ ఎడమ కొసనే కనిపించేది. అక్క ఆర్నెల్ల కిందే చెప్పింది, "లీడింగు ఎంత పెట్టినా మళ్ల చూస్తే మొదట్లనే ఉంటది" అని. పేజీ సరిగ్గానే వస్తోంది కదక్కా, దాన్ని పట్టించుకోకు అన్నాను.

దశాంశాలను కూడా చదివే పార్స్‌ఫ్లోట్‌గా మార్చాను. వణుకుడు ఆగింది. రంగు పెట్టె సంగతి రేపు.

బుధవారం

ముందు అందరూ చేసే పనే చేశాను. ఎమిట్ మొదట్లో "ఇది నా మార్పే" అని ఒక జెండా లేపడం, వంద మిల్లీసెకన్ల తర్వాత దించడం. జెండా లేచి ఉన్నంతసేపు అప్‌డేట్ ఏం వచ్చినా చెవిన పెట్టకపోవడం. నా లాప్‌టాప్ మీద బ్రహ్మాండంగా నడిచింది.

షాపుకు తీసుకుపోయాను. అక్క మెషీన్ 4 జీబీది, పక్కన ఫొటోషాప్ తెరిచి ఉంటుంది, అందులో పన్నెండడుగుల జాతర ఫ్లెక్సీ. అక్కడ అప్‌డేట్ వంద మిల్లీసెకన్లు దాటాక వచ్చింది. జెండా దిగిపోయింది, 930 మళ్లీ 993300 అయింది.

"మూడొందలు పెట్టు" అని నా మనసే నాకు చెప్పింది. పెట్టాను. అప్పుడు ఇంకో చిక్కు: రంగు కొట్టి వెంటనే ఇంకో శీర్షిక మీద నొక్కితే, జెండా ఇంకా పైనే ఉంది కాబట్టి నిజమైన అప్‌డేట్ కూడా పోయింది. రెండో శీర్షికకు మొదటి దాని రంగు చూపిస్తోంది.

గడియారం చూసుకుంటూ ఎవరి మార్పో పోల్చుకోవడం కుదరదు. జెండాలన్నీ పీకేశాను.

వచ్చేటప్పుడు ఆలోచన ఇటు తిరిగింది: అప్‌డేట్‌ను ఆపడమెందుకు, ఎన్నిసార్లు వచ్చినా నష్టం లేకుండా రాస్తే పోలే? పెట్టెలో ఉన్నదీ, వచ్చినదీ ఒకే అర్థమైతే ముట్టుకోకూడదు. అంతే. 930, 993300 ఒకే రంగు. రెండింటినీ లోపల ఆరంకెలకు పొడిగించి పోల్చాలి, సమానమైతే పెట్టెలోని రాత జోలికి పోకూడదు. పొడిగింపు పోల్చడానికే, రాయడానికి కాదు.

రాత్రి అది రాసి చూశాను. 9, 3, 0, 0, 1, 8. ఒక్క అక్షరం జరగలేదు. మధ్యలో 930 దగ్గర పేజీ ఓ క్షణం ఇటుక రంగుకు పోయి, చివరికి కుంకుమకు వచ్చింది. అది పర్వాలేదు, నిజంగా ఆ క్షణానికి పెట్టెలో ఉన్న రంగు అదే.

గురువారం

నీడ కంట్రోల్. నొక్కగానే ట్యాబ్ బిగుసుకుంది. కన్సోల్‌లో స్టాక్ నిండిపోయిందన్న ఎర్ర లైను.

పెండ్లిల మైకు పట్టుకుని స్పీకర్ ముందుకు పోతే కూత పెడుతుంది చూడండి, అదే. నీడ పెట్టెలో అక్షరానికి చిన్న నమూనా ఒకటి ఉంటుంది. స్క్రిప్ట్ నుంచి పెట్టెలో విలువ రాస్తే ఇన్‌పుట్ ఈవెంట్ దానంతటది రాదు. అందుకని నమూనా మారడానికి అప్‌డేట్‌లో నేనే ఒక దొంగ ఇన్‌పుట్ ఈవెంట్ కొట్టించాను. ఆ ఈవెంట్ ఎమిట్‌ను లేపుతుంది, ఎమిట్ పేజీని మారుస్తుంది, లైబ్రరీ అప్‌డేట్‌ను పిలుస్తుంది, అది మళ్లీ దొంగ ఈవెంట్.

నమూనా గీసే పనిని విడిగా ఒక చిన్న ఫంక్షన్ చేసి రెండు వైపుల నుంచీ పిలిచాను. దొంగ ఈవెంట్ తీసేశాను. పావుగంట పని.

శుక్రవారం

ఫాంటు పెట్టె ఇంకా గోల చేస్తోంది. అందులో ఫాంటు పేరు తెలుగులో కొట్టి వెతకవచ్చు: మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు. సేటుకు ఇష్టమైంది సురవరం. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు కదా అది; ఆయనది పాలమూరు, సేటు అత్తగారిదీ పాలమూరే, అందుకని ప్రతి రెండో పత్రికకూ అదే పెట్టమంటాడు.

తెలుగు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ లాగా కీ కొట్టగానే అక్షరం ఖాయం కాదు. "సు" అనేలోపు "స" వస్తుంది, కింద గీతతో ఇంకా కూర్పులో ఉంటుంది. ఆ సమయంలో అప్‌డేట్ వచ్చి పెట్టెలో ఏదైనా రాస్తే కూర్పు తెగిపోయి "స్సు" లాంటి తుంటలు మిగులుతాయి. కాబట్టి ఇక్కడ సమానమా కాదా అన్న పోలిక ఒక్కటే చాలదు. కూర్పు మొదలైందన్న ఈవెంట్ నుంచి ముగిసిందన్న ఈవెంట్ దాకా పెట్టెను ముట్టుకోకూడదు, ఆ లోపు వచ్చిన విలువను పక్కన పెట్టుకుని తర్వాత చూసుకోవాలి. ఎమిట్ కూడా కూర్పు ముగిశాకే.

అది రాశాక ఊపులో ఇంకో అడుగు వేశాను: ఏ పెట్టెలోనైనా ఫోకస్ ఉంటే, అంటే కొట్టే కీలు ఆ పెట్టెకే పోతుంటే, అప్‌డేట్ రాయకూడదు, ఫోకస్ పోయాక రాయాలి. చూడ్డానికి మంచి నియమం. అన్ని కంట్రోళ్లకూ ఒకేసారి అంటించాను.

మధ్యాహ్నానికి అక్క నుంచి: "స్లైడర్ గుంజినంక అన్‌డూ కొడితే పేజీ వెనకకు వోతున్నది, గుండీ అక్కడ్నే ఉంటున్నది."

నిజమే. స్లైడర్‌ను గుంజి వదిలాక కూడా ఫోకస్ దాని మీదే ఉంటుంది. వేలు తీసినా ఎడిటర్ దృష్టిలో ఆమె ఇంకా అక్కడే ఉన్నట్టు. నాకు కావాల్సింది ఫోకస్ కాదు, వేలు కింద ఉందా లేదా అన్నది. స్లైడర్‌కు పాయింటర్ దిగిన ఈవెంట్, లేచిన ఈవెంట్ పట్టుకున్నాను. మధ్యలో తప్పిస్తే ఎప్పుడైనా రాయొచ్చు. లేచిన ఈవెంట్‌ను స్లైడర్ మీద కాదు, మొత్తం విండో మీద వినాలి. గుంజుతూ గుంజుతూ వేలు ప్యానెల్ దాటిపోయి వదిలేవాళ్లు ఉంటారు.

రాత పెట్టెలకు ఫోకస్, స్లైడర్‌కు వేలు, తెలుగు వెతుకుడుకు కూర్పు. ఒకే నియమం అందరికీ అంటే కుదరలేదు. నాకు నచ్చలేదు కానీ ఇంతకంటే చిన్నగా చెయ్యలేకపోయాను.

శనివారం

పొద్దున నేనే ఇంకోటి పట్టుకున్నాను, ఇది అక్క కంట పడితే ఒక పత్రిక పాడైపోయేది.

రంగు పెట్టెలో ఫోకస్ ఉంది. పేజీలో రెండో శీర్షిక మీద నొక్కాను. ఎడిటర్ కాన్వాస్ (పేజీ కనిపించే చోటు) మీద నొక్కుడును తానే పట్టుకుంటుంది కాబట్టి ఫోకస్ పెట్టెలోనే ఉండిపోయింది. నా నియమం ప్రకారం ఫోకస్ ఉంటే రాయకూడదు, కనుక పెట్టెలో మొదటి శీర్షిక రంగే. ఆ తర్వాత బయట నొక్కగానే పెట్టె నుంచి చేంజ్ ఈవెంట్ బయల్దేరింది, మొదటి దాని రంగు పోయి రెండో శీర్షికకు అంటుకుంది. వరుడి పేరు రంగు వధువు పేరుకు. ఎవరూ గమనించని రకం తప్పు.

పాతదాంట్లో ఇది జరిగే వీలు లేదు, ఎంచుకున్న ప్రతిసారీ పెట్టెనే కూల్చి కొత్తగా కట్టేది. ఇప్పుడు పెట్టె అదే, దాని ముందుకొచ్చే వస్తువు మారుతుంది. క్రియేట్‌లో ఒక వేరియబుల్‌లో "ఎంచుకున్న వస్తువు" అని దాచుకున్న చోట్లు రెండున్నాయి నా కోడులో. అవి ఎప్పటికీ మొదటి వస్తువునే పట్టుకుని ఉంటాయి. రెండూ తీసేసి, అవసరమైన క్షణంలో ఎడిటర్‌నే అడిగేటట్టు చేశాను.

అప్‌డేట్ మొదట్లో ఇప్పుడు మొదటి ప్రశ్న ఇది: వస్తువు మారిందా? మారితే ఫోకస్ ఉన్నా, వేలున్నా, కూర్పు సాగుతున్నా సరే, పక్కన దాచుకున్నది పారేసి కొత్త విలువ రాయాలి. మారకపోతేనే మిగతా మర్యాదలు.

ఖాళీ విలువ సంగతి కూడా ఇప్పుడే. ఏ రంగూ పెట్టని శీర్షికను ఎంచుకుంటే కొత్త వెర్షన్ ఖాళీ పంపిస్తుంది, ఇదివరకు అసలు పంపేది కాదు. బ్రౌజర్‌తో వచ్చే రంగుల పెట్టెకు ఖాళీ అనేది తెలియదు; ఖాళీ ఇస్తే #000000 చూపిస్తుంది. "అన్నీ నల్లగ చూపిస్తున్నది, కార్యం చేస్తున్నమా కర్మకాండ చేస్తున్నమా" అని అక్క అన్నది దీని గురించే. ఖాళీ వస్తే ఆ పెట్టెను దాచి, చుక్కల గీత చుట్టిన తెల్ల చతురస్రం చూపిస్తున్నాను, దానిమీద "పెట్టలేదు" అని. నొక్కితేనే అసలు పెట్టె తెరుచుకుంటుంది.

అన్‌డూ ఒకటి. ఎమిట్ నుంచి పేజీకి పంపేటప్పుడు "ఇది మధ్యలోది, లెక్కలోకి తీసుకోకు" అని చెప్పే వీలుంది. గుంజుతున్నంతసేపు అది పెట్టాలి, వదిలినప్పుడు తీసెయ్యాలి. నేను ఆ మాటను క్రియేట్ నుంచి ఎమిట్ దాకా తెచ్చి, అక్కడి నుంచి ముందుకు అందించడం మరిచాను. అందుకని ఒక్క గుంజుడుకు అన్‌డూ నలభైసార్లు కొట్టాల్సి వచ్చేది. ఒక్క పదం చేర్చాను, పోయింది.

చివరగా ప్యాకేజీ ఫైల్లో "లేటెస్ట్" తీసేసి ఖాయమైన నంబరు రాశాను. లాక్ ఫైలు గిట్‌లోకి ఎక్కింది. బిల్డ్ స్క్రిప్టులో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ పెట్టాను. లాక్ ఫైలుకూ ప్యాకేజీ ఫైలుకూ పొత్తు కుదరకపోతే అది అక్కడికక్కడే ఆగిపోతుంది.

సోమవారం

షాపులో రెండు గంటలు కూర్చున్నాను. అక్కకు ఏం చెప్పలేదు, ఆమె పని ఆమె చేసుకుంటుంటే చూశాను. కుంకుమ రంగు నంబరు కొట్టింది. లీడింగు 1.75 చేసింది, "శ్రీలక్ష్మీ" కింద ఒత్తులు ఊపిరి పీల్చుకున్నాయి. ఇంకో శీర్షిక, మళ్లీ మొదటి శీర్షిక, గుండీ 1.75 దగ్గరే నిలబడి ఉంది. అక్క చెయ్యి ఆగింది.

"ఇది ఎప్పుడు బాగైంది?"

"మంగళవారం."

"ఆర్నెల్ల కింద చెప్పిన నేను."

"అవునక్కా."

సేటు చాయ్ పంపించాడు. ఫోన్‌లో చూసి, నీడ కంట్రోల్‌లో గుండీలు చిన్నగున్నయి, బొటనవేలికి దొరుకుతలేవన్నాడు. నిజమే, వెడల్పు పెంచాలి. మొబైల్‌లో పాయింటర్ లేచిన ఈవెంట్ బదులు అప్పుడప్పుడు రద్దయిన ఈవెంట్ వస్తోంది, పేజీ పైకి జరిపినప్పుడు; లేచిన ఈవెంట్ రాకపోయేసరికి వేలు ఇంకా కిందే ఉందనుకుని స్లైడర్ మూగబోతోంది. రద్దయిన ఈవెంట్‌ను కూడా వినాలి. బుధవారంలోపు.